శుక్రవారం నొక్కని వేలు

నాకు చదువు రాదు. తమిళంలో బస్సు బోర్డు చదువుతాను, తెలుగులో నా పేరు రాస్తాను, అంకెలు తెలుసు. అంతే. అయినా పరదేశాల్లో పనిచేసేవాళ్లు ఇంటికి డబ్బు పంపుకునే యాప్ తయారుచేసే కంపెనీలో చాలా ఏళ్లు జీతానికి ఉన్నాను. ఈమధ్యే మానేశాను. ఆ పనిలోకి ఇప్పుడు కొత్త పిల్లలు వస్తున్నారట, వాళ్లకు ఈ పని ఏమిటో చెప్పమన్నారు. నేను చెబుతున్నాను, ఆఫీసులో నాతో కలిసి తిరిగిన సింధు రాస్తోంది. నా మాట మొరటు, గొంతు అంతకంటే మొరటు. దాన్ని కాస్త దువ్వి పుస్తకం తెలుగులో రాస్తానంది. దువ్వుకో, సంగతి మాత్రం మార్చవద్దు అన్నాను.

గులాబీ షెడ్డు నుంచి

మాది తమిళనాడులో హోసూరు దగ్గర జవళగిరి. అడవి పక్కన ఊరు. మేకలు, రాగి చేను, ఏనుగులు వస్తే రాత్రంతా డబ్బాలు కొట్టడం. మొగుడు చనిపోయాక హోసూరు వచ్చి గులాబీ షెడ్డులో చేరాను. పువ్వులు కోసి, ముళ్లు గీరి, కట్టలు కట్టే పని.

ఒకరోజు షెడ్డు గేటు దగ్గరికి ఇద్దరు ఆఫీసు మనుషులు వచ్చారు. విదేశం నుంచి డబ్బు వచ్చే ఆడవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. నా తమ్ముడు అప్పట్లో సింగపూరులో ఉండేవాడు. అప్పుడప్పుడూ పంపేవాడు. నేనున్నానని చెప్పాను. బాగలూరు రోడ్డులో ఉన్న ఆఫీసుకు తీసుకువెళ్లి, చల్లటి గదిలో కూర్చోబెట్టి, ఫోను చేతిలో పెట్టారు. ఇంట్లో చేసుకున్నట్టు చేసుకోమన్నారు. ఇంట్లో నేను చేసేది ఏమీ లేదు, పక్కింటి అమ్మాయి చేసిపెడుతుంది. ఆ మాటే చెప్పాను. వాళ్లు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏదో రాసుకున్నారు. అన్నం పెట్టి, సగం రోజు కూలి ఇచ్చి పంపారు.

తరువాత ఇంకా ఆడవాళ్లను తీసుకురమ్మన్నారు. తెచ్చాను. తమిళం, కన్నడం, తెలుగు మూడూ వస్తాయి కాబట్టి ఊళ్లకు తోడు రమ్మన్నారు. వెళ్లాను. అలా షెడ్డు పోయింది, ఇది మిగిలింది.

పక్కన కూర్చోవడం

మా పని చెబితే చాలామంది నవ్వుతారు. ఒక మనిషి చేతిలో ఫోను పెట్టి, మేము కొత్తగా చేసిన యాప్ తెరిచి, పక్కన కూర్చోవాలి. వేలు ఎక్కడ ఆగుతుందో చూడాలి. కళ్లు ఎక్కడ వెతుకుతాయో చూడాలి. సాయం చేయకూడదు. ఇదే కష్టం. కళ్ల ముందు మనిషి తప్పు బటన్ మీదికి వేలు తీసుకువెళుతుంటే, అదికాదమ్మా ఇది అని మన నోరు ఊరుకోదు. మనం ఒక్కసారి చెప్పామంటే ఆ పొద్దంతా దండగ. ఆమెకు దారి మనం చూపించాము, స్క్రీన్ చూపించలేదు. రేపు ఆమె ఇంట్లో మనం ఉండం.

నేను విధవను. కొన్ని ఇళ్లల్లో కొత్త ఫోను మొదటిసారి తెరిచేటప్పుడు నేను ఎదురుగా కూర్చోవడం వాళ్లకు ఇష్టం ఉండదు. నోటితో అనరు, మొహంలో తెలిసిపోతుంది. అందుకని ఎప్పుడూ పక్కకు, కాస్త వెనగ్గా కూర్చునేదాన్ని. అలా కూర్చుంటే వేలు ఇంకా బాగా కనబడుతుంది. తరువాత ఆఫీసులో అందరినీ అలాగే కూర్చోమన్నారు. కారణం వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

బాగుంది అనే మాటను నమ్మవద్దు

మా మొదటి మేనేజరు బెంగళూరు మనిషి. ఊళ్లోకి వస్తే ప్రతివాళ్లనూ ఒకటే అడిగేవాడు: యాప్ బాగుందా? అందరూ బాగుంది అనేవాళ్లు. ఆయన సంతోషంగా రాసుకునేవాడు. యాప్ బయటికి వచ్చాక ఫోన్లు మోగడం మొదలైంది. డబ్బు కనబడలేదని, ఎక్కడ నొక్కాలో తెలియలేదని, ఇంకేదో పేజీ వచ్చిందని.

మా కృష్ణగిరి వైపు పోచంపల్లి సంతలో ఒక సంగతి జరిగింది. కుండలు అమ్మే ఒకామె మా యాప్ చూసి బాగుందని చెప్పింది. మేనేజరు అటు వెళ్లగానే ఆమె వదిన వచ్చి, అదేమిటో నాకూ చూపించు అంది. నేను పక్కనే ఉన్నాను, మాట్లాడలేదు.

"ఇదేమి బటనమ్మా?" అని వదిన అడిగింది.

"అది ఒత్తద్దు."

"ఏం?"

"నాకేమి తెలుసు? నేనూ ఒత్తలా. ఒత్తితే యాడికో పోతుందేమో."

"మరి బాగుందంటివే ఆయప్పతో?"

"ఎండలో పడి వచ్చినాడు, పాపం. బాగలేదని ఎట్ల చెప్పేది?"

మా వైపు అంతే. గడప దగ్గరికి వచ్చిన మనిషి తెచ్చిన వస్తువును బాగలేదు అనరు. అది మర్యాద. అప్పటి నుంచి నేను బాగుందా అని ఎవరినీ అడగలేదు. పక్కింటామెకు నేర్పించు అని చెప్పి, వాళ్లిద్దరినీ వదిలేసి వింటూ కూర్చునేదాన్ని. నేర్పేటప్పుడు ఎక్కడ తడబడితే అక్కడ స్క్రీన్ బాగలేనట్టు. కొత్త పిల్లలకు నేను చెప్పేది ఒకటి ఉంటే ఇదే. వాళ్ల చేత మిమ్మల్ని పొగిడించుకోకండి.

ఆ మేనేజరు చెడ్డవాడు కాదు. పొగడ్త అంటే ఇష్టం, అంతే. ఈ పనికి అది పనికిరాదు.

వేలిముద్ర

తరువాత ఆ చోట్లోకి ప్రభాకర్ గారు వచ్చారు. గుంటూరు వైపు మనిషి. మాట తొందర, కోపం తొందర, మళ్లీ టీ తొందర. నేను చూసిన పైవాళ్లలో తప్పు చేస్తే తప్పు చేశానని గట్టిగా చెప్పేది ఆయనొక్కరే. అందరి ముందూ చెప్పేవారు, తరువాత మళ్లీ అంత గట్టిగానే ఇంకో తప్పు చేసేవారు.

ఆయన వచ్చిన కొత్తలో ఒక దొంగతనం జరిగింది. గల్ఫ్‌లో ఒకే గదిలో ఉండే మనిషి పక్కవాడి ఫోను తీసి, డబ్బు ఇంకెవరికో పంపేశాడు. రహస్య నంబరు గదిలో అందరికీ తెలుసు, దాచుకునేంత చోటు ఆ గదుల్లో ఉండదు. దాంతో ప్రభాకర్ గారు చివరి స్క్రీన్‌లో వేలిముద్ర పెట్టించారు. డబ్బు ఎవరిదో వాళ్ల బొటనవేలు పడితేనే డబ్బు కదులుతుంది. మంచి పని. నేనూ మంచిదే అన్నాను.

కొన్ని వారాలకు లెక్కల్లో ఒక వింత కనబడింది. మా వైపు మనుషులు, అంటే హోసూరు, కృష్ణగిరి, ఆ చుట్టుపక్కల వాళ్లు, అన్నీ నింపి చివరి స్క్రీన్ దాకా వచ్చి, వేలు పెట్టకుండా వదిలేస్తున్నారు. అది శుక్రవారాల్లోనే ఎక్కువ. గల్ఫ్‌లో సెలవు శుక్రవారమే, డబ్బు పంపేది ఎక్కువగా ఆ రోజే. అంటే మాకు పెద్ద దెబ్బ.

"సిమెంటు పని చేసేవాళ్ల వేళ్లు అరిగిపోతాయండీ. గీతలు ఉండవు. ఫోను పట్టుకోవట్లేదు," అన్నారు ప్రభాకర్ గారు.

"మరి శుక్రవారమే ఎందుకు సార్?" అంది సింధు. సింధు స్క్రీన్లు గీసే పిల్ల, వరంగల్ నుంచి వచ్చింది.

"సెలవు కదమ్మా, బట్టలు ఉతుక్కుంటారు. వేళ్లు నానిపోతాయి. మునిరత్నమ్మ గారూ, మీరేమంటారు?"

నేను అవునన్నాను. గులాబీ ముళ్లకు నా వేళ్లు కూడా అరిగిపోయాయి. రేషన్ షాపులో మిషన్ నా వేలు ఎన్నోసార్లు ఒప్పుకోదు. ఆయన చెప్పింది నాకు నిజమనే తోచింది. వేలి బొమ్మ పెద్దది చేశారు. ఏ వేలు పెట్టినా ఒప్పుకునేలా చేశారు. చెయ్యి తుడుచుకోండి అని ఒక గుడ్డ బొమ్మ కూడా వేశారు. శుక్రవారాలు అలాగే ఉన్నాయి.

అంచెట్టి పైన

ఆ ఎండాకాలం చివర అంచెట్టి కొండల్లో ఒక ఇంటికి వెళ్లాము, సింధు, నేను. డబ్బు అందుకునేవాళ్ల స్క్రీన్ కొత్తగా మార్చారు, దాన్ని చూపించాలి. ఇల్లు గౌరమ్మది. మొగుడు నాగరాజు ఒమాన్‌లో రోడ్డు పనిలో ఉన్నాడు. ఇంట్లో గౌరమ్మ, అత్త తిమ్మక్క, కూతురు పవిత్ర, మేకలు.

మేము వెళ్లేసరికి ఆ ఇంట్లో ఎవరి ధ్యాసా మా మీద లేదు. పవిత్రకు కృష్ణగిరిలో నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. శనివారం మధ్యాహ్నం లోపల ఫీజు కట్టాలి, లేకపోతే ఆ సీటు తరువాతి పిల్లకు పోతుంది. నాగరాజుకు జీతం పడింది గురువారం సాయంత్రం, అతను చూసుకునేసరికి శుక్రవారం తెల్లవారింది. మేము వెళ్లింది శుక్రవారం. గౌరమ్మ ఊళ్లో అడగగలిగిన చోట్ల అప్పు అడిగి, దొరక్క ఊరుకుంది.

సిగ్నలు మేకల దొడ్డి పక్కన బండ మీద మాత్రమే వస్తుంది. అందరం అక్కడ కూర్చున్నాము. నాగరాజు గదిలో ఉండే బషీర్ అనే కేరళ మనిషి తన ఫోన్లో వీడియో కాల్ చేసి, నాగరాజు ఫోను స్క్రీన్ మాకు కనబడేలా పట్టుకున్నాడు. నేను ఎప్పటిలాగే గౌరమ్మకు పక్కగా, వెనగ్గా కూర్చున్నాను.

"చూడు, అంతా ఎక్కించినాను. దుడ్డు, రేటు, నీ పేరు. పచ్చగా వచ్చేసింది," అన్నాడు నాగరాజు.

"సరి, ఒత్తు మరి," అంది గౌరమ్మ.

"ఏమే, ఈ దినం ఏ వారం?"

గౌరమ్మ నాలుక కరుచుకుంది. తిమ్మక్క దొడ్డిలోంచి తల ఊపింది. నేనూ ఊపాను.

సింధు నా చెవిలో, "ఏమైందమ్మా? ఎందుకు నొక్కుతలేడు?" అంది.

"శుక్రవారం కదమ్మా."

"అయితే?"

"చేతిలో దుడ్డు బయటికి ఇడవరు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినబడింది. సింధు రాసుకోవడం ఆపేసింది.

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదమ్మా నువ్వు? వేలు అరిగిందన్నరు, నానిందన్నరు, నువ్వు ఊఁ అన్నవు!"

"నువ్వు ఎప్పుడడిగినావు? అన్నం నోటితో తింటారని చెప్పినానా నీకు?"

నిజానికి దాచింది ఏమీ లేదు. మా ఇళ్లల్లో శుక్రవారం, మంగళవారం డబ్బు బయటికి ఇవ్వరు. నేను కూడా ఇవ్వను. ఊపిరి తీసుకున్నట్టు చేసే పని అది. ఆఫీసు లెక్కకూ దానికీ ముడి ఉందని నాకు ఏ రోజూ తట్టలేదు.

సింధు ఫోను దగ్గరికి జరిగి, "అన్నా, మరి ఇంతకుముందు శుక్రవారాలు ఎట్ల పంపేటోళ్లు?" అని అడిగింది.

నాగరాజు నవ్వాడు. "ఈ బషీరే ఒత్తేవాడు. మా గదిలో మన వైపోళ్లకి అందరికీ. వాళ్లకి శుక్రవారం మంచిదినం కదమ్మా. ఇప్పుడు మీ యాప్ నా వేలే కావాలంటా ఉండాది."

బషీర్ కెమెరా ముందు తన బొటనవేలు పెట్టి చూపించాడు. నా వేలికి ఉద్యోగం పోయింది అని తమిళంలో అన్నాడు. అందరూ నవ్వారు, పవిత్ర తప్ప.

మా నియమం ప్రకారం నేను నోరు మూసుకుని ఉండాలి. ఆ రోజు మూసుకోలేదు. అన్నీ నింపితే వచ్చే ఆ పచ్చ గుర్తు ఎంతసేపు ఉంటుందో నాకు తెలుసు. "అప్పా, ఆ పచ్చదాన్ని నమ్మద్దు. కొంచేపుంటే అంతా చెరిగిపోతుంది. రేపు మళ్లీ మొదటి నుంచీ ఎక్కించాల," అన్నాను.

"రేపు యాడ ఎక్కించేది?" నాగరాజు మొహంలో నవ్వు పోయింది. "పొద్దు పొడవకముందే బస్సు. ఎండలకి పని అప్పుడే మొదలుపెడతారు. బస్సు ఎడారిలోకి పోతే సాయంత్రం దాకా సిగ్నలు లేదు."

"సాయంత్రానికి నా సీటు ఉండదు నాయనా," అంది పవిత్ర. "పన్నెండు దాటినాక ఒత్తేయి. ఫోన్లో శనివారం అని వచ్చేస్తుంది."

"ఫోనుకి శనివారం. నాకు పొద్దు పొడిస్తేనే శనివారం."

"వచ్చేది మనింటికే కదా!" అంది గౌరమ్మ. "బయటోళ్లకా ఇస్తా ఉండావు?"

"నా చేతిలోంచి పోయేదే కదే. మేకల దుడ్డయితే ఎట్లనో కానీ అని ఒత్తేద్దును. ఇది బిడ్డ చదువు దుడ్డు. దీన్ని శుక్రవారం ఇడిస్తే రేపు ఏమన్నా అయితే నా మనసు ఊరుకుంటుందా?"

గౌరమ్మకూ అదే భయం.

చాలామంది చదువుకున్నవాళ్లు దీన్ని మూఢత్వం అంటారు. కావచ్చు, నేను వాదించను. నేను చెప్పేది ఒకటే. బటన్ ఎంత పెద్దది చేసినా, ఎంత పచ్చగా వేసినా, ఆ వేలు కిందికి దిగదు.

సింధు ప్రభాకర్ గారికి ఫోను చేసింది. ఆయన అంతా విని గట్టిగా, "గుడ్డ బొమ్మ వేయించింది నేనేనా!" అన్నారు.

"సార్, ఈ ఒక్కరికి వేలిముద్ర తీసేయొచ్చా? బషీర్ నొక్కుతడు."

"కుదరదమ్మా. రేపటికల్లా అయ్యే పని కాదు, అయినా చేయను. బషీర్ మంచోడు కాబట్టి సరిపోయింది. అందరి గదుల్లో బషీర్ ఉండడు."

ఆయన అన్నది సరైనదే. నాకు నచ్చలేదు, అయినా సరైనదే.

చివరి బస్సు వెళ్లిపోయింది. ఆ ఇంట్లోనే ఉండిపోయాము. రాగి ముద్ద తిన్నాము. పవిత్ర తినలేదు, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి మళ్లీ తీసి మళ్లీ పెట్టింది. తిమ్మక్క మేకలను లోపలికి తోలి వచ్చి మనవరాలి పక్కన కూర్చుంది.

"పాపా, ఆడ మనకన్నా వెనక తెల్లారుతుందా, ముందరా?" అని అడిగింది.

"వెనక, అవ్వా. ఒకటిన్నర గంట."

"అంటే మనకి పొద్దు పొడిచేటప్పుడు వాడికి ఇంకా చీకటే."

"ఊఁ. బస్సు అప్పుడే కదా."

ముసలామె కాసేపు కాళ్లు పిసుక్కుంది. "దుడ్డు వచ్చేది యాడికి? ఈడికి. లక్ష్మి కాలు పెట్టేది ఈ గడపలో. ఈడ తెల్లారితే సాలదా?"

గౌరమ్మ అత్త మొహం చూసింది. దేశదేశాల గడియారాలు తెలిసిన సింధు కూడా తల ఊపింది. ఆ ఇంట్లో వారాలు, తిథులు ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతాయో చెప్పేది తిమ్మక్కే. కొడుకు ఎంత దూరంలో ఉన్నా ఆ మాట దాటడు.

"వాడికి చెప్పే," అంది తిమ్మక్క కోడలితో. "నేను చెప్పేదాకా బస్సు ఎక్కద్దను."

పొద్దున కోడి కూసినప్పుడే లేచి అందరం బండ మీదికి వెళ్లాము. తూర్పున మబ్బు. కొండ అంచు కూడా సరిగా కనబడడం లేదు. ఫోను స్పీకర్లో పెట్టారు. అవతల బస్సు ఇంజను చప్పుడు, మనుషులు ఎక్కుతున్న చప్పుడు వినబడుతున్నాయి. బషీర్ కాబోలు, డ్రైవరుతో ఏదో చెప్పి ఆపుతున్నాడు.

"అమ్మా, తెల్లారిందా?" అన్నాడు నాగరాజు.

"ఉండప్పా."

"ఎక్కించేసినాను. పచ్చగా వచ్చేసింది. వీళ్లు తిడతా ఉండారు."

"ఉండమంటి కదా."

మా వైపు పాతకాలం వాళ్లకు గడియారం అక్కరలేదు. అరచేతిలో గీతలు కనబడితే తెల్లవారినట్టు. తిమ్మక్క చెయ్యి మొహానికి ఎదురుగా పెట్టుకుని చూస్తోంది. పవిత్ర ఆమె చేతినే చూస్తోంది. అవతల హారన్ కొట్టారు. ఇంకోసారి కొట్టారు.

"అవ్వా," అంది పవిత్ర, చాలా చిన్నగా.

తిమ్మక్క మనవరాలి వైపు చూసింది. మళ్లీ చేతిని చూసుకుంది.

"కనబడతా ఉండాయి. తెల్లారిపోయింది. ఒత్తు నాయనా."

అవతల బస్సు తలుపు మూసుకున్న చప్పుడు వచ్చి లైను తెగిపోయింది. నొక్కాడో లేదో తెలియదు. గౌరమ్మ ఫోను పట్టుకుని నిలబడిపోయింది. మేకలు అరవడం మొదలుపెట్టాయి. మబ్బు అలాగే ఉంది. కొంతసేపటికి ఫోను టింగుమంది. పవిత్ర లాక్కుని చూసి, పూర్తిగా చదవకుండానే ఇంట్లోకి పరుగెత్తి కవరు తెచ్చుకుంది.

మొదటి బస్సులో అందరం దిగాము. తల్లీకూతుళ్లు కృష్ణగిరి బస్సు మారారు, మేము హోసూరు వచ్చాము. మధ్యాహ్నం లోపలే గౌరమ్మ ఫోను చేసి, కట్టేసినామక్కా అని చెప్పి పెట్టేసింది.

ఆఫీసులో

సోమవారం అందరూ ఒక గదిలో కూర్చుని మాట్లాడుకున్నారు. పంపే మనిషి ఫోన్లో ఇంటి దగ్గర ఏ వారమో, పొద్దు పొడిచిందో లేదో చూపిద్దాము అని సింధు అంది. సూర్యోదయం ఏ ఊళ్లో ఎన్ని గంటలకో కంప్యూటరే చెబుతుంది, సులభం అని ఒక ఇంజనీరు అన్నాడు. డబ్బు యాప్‌లో పంచాంగం ఏమిటి, నవ్వుతారు అని ఇంకొకతను అన్నాడు.

ప్రభాకర్ గారు నన్ను అడిగారు. "మునిరత్నమ్మ గారూ, ఆ పొద్దున పెద్దావిడ చేతిలో గీతలు నిజంగా కనబడ్డాయంటారా?"

"ఆమె చేతిలో సంగతి నాకు తెలీదు సార్. నేనూ నా చెయ్యి చూసుకున్నాను. ఒక్క గీతా కనబడలా."

ఆయన పెన్ను టేబుల్ మీద కొడుతూ కూర్చున్నారు. "అయితే టైము మనం వేయొద్దండీ. కంప్యూటర్ వేసుంటే పొద్దు పొడిచేలోపు బస్సు వెళ్లిపోయి, ఆ అమ్మాయి సీటు పోయేది. ఇంట్లోవాళ్లనే చెప్పనిద్దాం."

అలా చేశారు. డబ్బు పంపేవాడు వివరాలన్నీ నింపి అలా ఉంచుకోవచ్చు, చెరిగిపోదు. రేటు మారితే మారిన రేటు ముందే పెద్ద అక్షరాల్లో కనబడుతుంది. ఇంటి దగ్గరి ఫోన్లో ఒక బటన్ ఉంటుంది, దాని మీద 'తెల్లవారింది' అని రాసి ఉంటుంది. ఇంట్లోవాళ్లు దాన్ని నొక్కితే పరదేశంలో ఉన్న ఫోన్లో ఆ మాట పడుతుంది. వేలిముద్ర అక్కడి మనిషిదే. అక్కర లేనివాళ్లు ఆ బటన్ జోలికి పోనక్కర లేదు. మా వైపు ఇళ్లల్లో మాత్రం చాలామంది దాన్ని నొక్కుతున్నారు.

నేను మానేసే ముందు ఒక కొత్త ఇంజనీరు లెక్కలు చూసి ఒక తప్పు పట్టుకున్నాడు. ఆ బటన్‌ను చాలా ఇళ్లల్లో సూర్యుడు రాకముందే నొక్కేస్తున్నారట. కొన్ని ఇళ్లల్లో చాలా ముందే. పొద్దు పొడవకముందు బటన్ పనిచేయకుండా చేయాలా అని ప్రభాకర్ గారిని అడిగాడు.

ఆయన ఆ లెక్క కాగితం తిరగేసి చూసి, అలాగే ఉండనివ్వండి అన్నారు.